కంపెనీ రెండుగా విడిపోతే ఏమవుతుంది? డీమెర్జర్లపై అపోహలు - వాస్తవాలు

ఏదైనా పెద్ద కంపెనీ తన వ్యాపారాన్ని విడగొడుతున్నట్టు ప్రకటిస్తే చాలు, సాయంత్రానికల్లా నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా దగ్గర షేర్లున్నాయి, ఉంచుకోవాలా, అమ్మేయాలా?" అని. నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. కంపెనీలు విడిపోయేటప్పుడు తయారయ్యే స్కీమ్ పత్రాలు (ఏ ఆస్తి, ఏ అప్పు ఎటు వెళ్తుందో చెప్పే ప్రణాళికలు) చదవడం, పన్ను లెక్కలు చూడడం నా పనిలో భాగం. ఆ ఫోన్లలో కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తాయి. వాటి వల్ల చిన్న మదుపరులు డబ్బు పోగొట్టుకోవడం చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: కష్టాల్లో ఉన్న కంపెనీనే ముక్కలు చేస్తారు

మన హైదరాబాద్ కంపెనీనే చూడండి. సువెన్ లైఫ్ సైన్సెస్‌లో రెండు వ్యాపారాలు ఉండేవి. ఒకటి, విదేశీ ఫార్మా కంపెనీల కోసం కాంట్రాక్టు మీద రసాయనాలు తయారుచేసి ఇవ్వడం. ఇందులో లాభం నిలకడగా వచ్చేది. రెండోది, మెదడు జబ్బులకు సొంతంగా కొత్త మందులు కనిపెట్టే పరిశోధన. ఇందులో ఏళ్ల తరబడి ఖర్చే తప్ప రాబడి ఉండదు. మొదటిదాంట్లో వచ్చిన డబ్బు రెండోదాంట్లోకి వెళ్లేది. 2019 నవంబరులో వాళ్ల అల్జీమర్స్ మందుకు రెండో దశ పరీక్షల్లో ఆశించిన ఫలితం రాలేదు. కానీ విడిపోవాలన్న నిర్ణయం అంతకుముందే జరిగిపోయింది. అంటే దెబ్బ తిన్నాక చేసిన పని కాదు.

2020లో కాంట్రాక్టు తయారీ వ్యాపారం సువెన్ ఫార్మాస్యూటికల్స్‌గా వేరుపడింది. ఒక షేరున్నవాళ్లకు కొత్త కంపెనీలో ఒక షేరు ఇచ్చారు. తర్వాత ఏం జరిగిందన్నదే అసలు పాఠం. 2022 డిసెంబరులో అడ్వెంట్ ఇంటర్నేషనల్ అనే పెట్టుబడి సంస్థ ఆ తయారీ కంపెనీలో ప్రమోటర్ల నుంచి 50.1 శాతం వాటా కొనడానికి ఒప్పందం చేసుకుంది. పరిశోధన కూడా అందులోనే ఉండి ఉంటే అలాంటి కొనుగోలుదారు అంత సులువుగా ముందుకొచ్చేవాడు కాదని నా అభిప్రాయం. ఫలితం తేలని మందుల ఖర్చు నెత్తిన పెట్టుకోవడానికి ఎవరు ఇష్టపడతారు? మరోపక్క పరిశోధన కంపెనీ అదే ఏడాది రైట్స్ ఇష్యూతో (ఉన్న షేర్‌హోల్డర్లకే కొత్త షేర్లు అమ్మడం) దాదాపు 400 కోట్ల రూపాయలు షేర్‌హోల్డర్ల నుంచే నేరుగా సేకరించింది. ఈ రిస్కు ఇష్టమైనవాళ్లు డబ్బు పెట్టారు, ఇష్టం లేనివాళ్లు పెట్టలేదు.

పెద్ద గ్రూపులు విడిపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఒక వ్యాపారం సంపాదించే నగదు ఇంకో వ్యాపారంలోకి పోవాలా వద్దా అన్నది ఉమ్మడి కంపెనీలో బోర్డు గదిలో తేలుతుంది, బయటివాళ్లకు సరిగా కనిపించదు. విడిపోయాక ప్రతి కంపెనీ తనకు కావలసిన డబ్బును తన లెక్కలు చూపించే అడగాలి.

అపోహ: ఒక షేరుకి ఇంకో షేరు ఫ్రీ

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న నమ్మకం ఇది. 2023 జులై 20న రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ వేరుపడినప్పుడు ఏం జరిగిందో చూడండి. ముందురోజు ఎన్‌ఎస్‌ఈలో (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ) 2,841.85 దగ్గర ముగిసిన రిలయన్స్ షేరు, ఆ ఉదయం కొత్త ధర తేల్చడానికి జరిపిన ప్రత్యేక ట్రేడింగ్ సెషన్‌లో 2,580 దగ్గర తేలింది. మిగిలిన 261.85 రూపాయలే జియో ఫైనాన్షియల్ ధర అయింది. మీ దగ్గర ఉన్నదే రెండు భాగాలైంది, ఉచితంగా వచ్చిందేమీ లేదు.

పన్ను దగ్గర ఇది ఇంకా ముఖ్యం. ఐటీసీ నుంచి ఐటీసీ హోటల్స్ 2025 జనవరిలో విడిపోయింది. పది ఐటీసీ షేర్లకు ఒక హోటల్స్ షేరు ఇచ్చారు. పాత కొనుగోలు ధరలో 86.49 శాతం ఐటీసీకి, 13.51 శాతం హోటల్స్‌కి పంచుకోవాలని కంపెనీ చెప్పింది. మీరు 2023లో 100 ఐటీసీ షేర్లు 400 చొప్పున 40,000కి కొన్నారనుకోండి. అందులో 5,404 రూపాయలు మీకు వచ్చిన పది హోటల్స్ షేర్లకు పోతుంది. అంటే ఒక్కో హోటల్స్ షేరు కొనుగోలు ధర 540.40. ఆ షేరు లిస్టయింది (స్టాక్ మార్కెట్లో మొదటిసారి అమ్మకానికి వచ్చింది) 190 లోపు! దాన్ని 200కి అమ్మితే పది షేర్లకు 3,404 రూపాయల నష్టం చూపించుకోవచ్చు. అటు ఐటీసీ షేరు కొనుగోలు ధర 345.96కి తగ్గుతుంది కాబట్టి దాన్ని అమ్మినప్పుడు లాభం ఆ మేరకు పెరుగుతుంది. రెండూ కలిపితే లెక్క సరిపోతుంది. షేర్లు ఎంతకాలం ఉంచుకున్నారన్నది కూడా మొదట ఐటీసీ కొన్న తేదీ నుంచే లెక్క. అయినా ఎంతోమంది "ఫ్రీగా వచ్చింది కదా" అని ధర సున్నా వేసి, అమ్మిన మొత్తమంతా లాభంగా చూపించి పన్ను కట్టేస్తున్నారు. రిటర్ను వేసేముందు బ్రోకర్ స్టేట్‌మెంటులో కొనుగోలు ధర ఎంత వేశారో దయచేసి చూసుకోండి.

ఆ 13.51 శాతం ఎలా వచ్చిందంటే, పన్ను చట్టం ప్రకారం మార్కెట్ ధరల నుంచి కాదు, కంపెనీ లెక్కల పుస్తకాల్లోని ఆస్తుల విలువ నుంచి. ఒక ఐటీసీ షేరు వంతుకు వచ్చే హోటల్స్ విలువ లిస్టింగ్ రోజున 20 రూపాయల లోపే, అంటే ఐటీసీ షేరు ధరలో ఐదు శాతం కన్నా తక్కువ. హోటళ్ల మీద పెట్టిన పెట్టుబడికీ, మార్కెట్ దానికి కట్టిన విలువకీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి! ఐటీసీ సిగరెట్ల వ్యాపారం సంపాదించే నగదు హోటళ్ల గోడల్లోకి పోతోందని మదుపరులు ఏళ్లుగా గొడవ చేయడానికి కారణం ఈ తేడాయే. దీనికి ఇంకో కోణం కూడా ఉంది. మన దేశంలో సిగరెట్ల తయారీలో విదేశీ ప్రత్యక్ష పెట్టుబడికి అనుమతి లేదు, హోటళ్లలో 100 శాతం ఉంది. విడిపోతే హోటళ్ల కంపెనీకి ఆ తలుపు తెరుచుకుంటుంది.

అపోహ: ఇది ఆస్తి పంపకం లాంటిది

2005లో అంబానీ సోదరుల మధ్య జరిగింది కుటుంబ పంపకమే. ఆ జ్ఞాపకంతో ప్రతి డీమెర్జర్‌నీ అలాగే చూస్తున్నారు. అన్నదమ్ములు విడిపోతే ఈ పొలం ఒకరిది, ఆ ఇల్లు ఇంకొకరిది అవుతుంది. మామూలు డీమెర్జర్‌లో యజమానులు మారరు. నిన్న ఉమ్మడి కంపెనీలో వాటా ఉన్నవాళ్లకే ఈరోజు రెండింటిలోనూ వాటా ఉంటుంది. ఆ తర్వాత ఏది ఉంచుకోవాలి, ఏది అమ్ముకోవాలి అన్నది వాళ్లిష్టం.

అపోహ: విడిపోతే విలువ పెరిగి తీరుతుంది

దీనికి అందరూ అమెరికాలోని జీఈని (జనరల్ ఎలక్ట్రిక్) చూపిస్తారు. 2023లో హెల్త్‌కేర్, 2024లో విద్యుత్ వ్యాపారం వేరుపడి, మిగిలింది జీఈ ఏరోస్పేస్ అయింది. మదుపరులు బాగానే లాభపడ్డారు. కానీ అంతకుముందు 2018 నుంచి లారీ కల్ప్ నాయకత్వంలో ఆ కంపెనీ వ్యాపారాలు అమ్మి 10,000 కోట్ల డాలర్లకు పైగా అప్పు తగ్గించుకుంది. ఆ చాకిరీ లేకుండా అదే అప్పుతో మూడు ముక్కలై ఉంటే మూడూ మునిగేవని నేను గట్టిగా నమ్ముతాను.

2005 నాటి రిలయన్స్ విభజనలో అనిల్ అంబానీ వైపు వెళ్లిన ఆర్‌కామ్ (రిలయన్స్ కమ్యూనికేషన్స్) 2019లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. రిలయన్స్ క్యాపిటల్ బోర్డును 2021లో రిజర్వ్ బ్యాంకు రద్దు చేసింది. జపాన్‌లో తోషిబా 2021లో మూడు ముక్కలవుతానంది, తర్వాత రెండు చాలంది. 2022 మార్చిలో షేర్‌హోల్డర్లు అదీ వద్దన్నారు. చివరికి 2023లో స్టాక్ మార్కెట్ నుంచే తప్పుకుంది.

ఖర్చుల సంగతి కూడా ఉంది. ఒక బోర్డు, ఒక ఆడిట్, ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నచోట అన్నీ రెండేసి అవుతాయి. మొదటి ఏడాది ఫలితాల్లో ఆ భారం కనిపిస్తే కంగారు పడకండి. రెండో ఏడాదీ తగ్గకపోతే మాత్రం ఆలోచించాలి.

అపోహ: అప్పులన్నీ కొత్త కంపెనీ మీదకి నెట్టేస్తారు

ఇష్టం వచ్చినట్టు కుదరదు. పన్ను మినహాయింపు కావాలంటే ఆ వ్యాపారానికి చెందిన అప్పులు దానితోపాటే వెళ్లాలి. ఉమ్మడిగా తీసుకున్న అప్పులు ఆస్తుల విలువ నిష్పత్తిలో పంచాలి. పైగా స్కీమ్‌ను ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్) ఆమోదించాలి, రుణదాతల ఓటింగ్ పెడితే విలువలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. అయితే నిష్పత్తి సరిగా ఉన్నంత మాత్రాన భారం సమానం కాదు. నగదు తక్కువ సంపాదించే వ్యాపారానికి, ఆస్తులు ఎక్కువున్నాయన్న లెక్కతో అప్పు ఎక్కువ పడొచ్చు. స్కీమ్ పత్రంలో నేను ముందు చూసేది ఆ పేజీనే.

అపోహ: ప్రకటన వచ్చిందంటే నాలుగైదు నెలల్లో షేర్లు వచ్చేస్తాయి

ఐటీసీ హోటల్స్‌కి ప్రకటన నుంచి లిస్టింగ్‌కి ఏడాదిన్నర పట్టింది. టాటా మోటార్స్ 2024 మార్చిలో చెబితే 2025 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. వేదాంత 2023 సెప్టెంబరులో ఆరు కంపెనీలవుతానని చెప్పి, మరుసటి ఏడాది ఐదుకు మార్చింది. ఈలోగా ధర ఎటైనా పోవచ్చు. కాబట్టి ప్రకటన చూసి అప్పు తెచ్చి కొనకండి. కొత్త షేర్లు ఎవరికన్నది రికార్డ్ డేట్ (కంపెనీ ముందే ప్రకటించే తేదీ) నాటికి డీమ్యాట్‌లో షేర్లు ఎవరి పేరున ఉన్నాయన్నదాన్ని బట్టే తేలుతుంది. అవి డీమ్యాట్‌లోకి వచ్చాక కూడా లిస్టయ్యేదాకా అమ్మడానికి వీలుండదు. ఐటీసీ హోటల్స్‌కి రికార్డ్ డేట్ జనవరి 6, లిస్టింగ్ జనవరి 29. ఆ వ్యవధిలో ఆ డబ్బుతో అవసరం ఉన్నవాళ్లు ముందే వేరే ఏర్పాటు చూసుకోవాలి.