తంగేడు ఆకుకు చిల్లులు

అనంతపురం దాటి తాడిపత్రి రోడ్డెక్కితే గరుసు నేల మొదలవుతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే వాన. ఆ నేలలో తంగేడు పొద, వయ్యారిభామ అనే కలుపుమొక్క పక్కపక్కనే పెరుగుతాయి. మేకలు రెంటినీ అంతగా ముట్టవు.

పొద్దున్నే ఒక తంగేడు చెట్టు దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఈ పువ్వులో తేనె ఉండదు. ఉన్నదల్లా పుప్పొడే. అదీ పౌడర్ డబ్బాలో లాగా, కేసరాల కొసన సన్నటి రంధ్రాల వెనక దాగి ఉంటుంది. నల్లటి తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో పట్టుకుని ఒళ్లంతా అదురిస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం ఒక్కసారిగా సన్నటి 'జీ'గా మారుతుంది. ఆ అదురుకు పుప్పొడి చిమ్ముతుంది. పొట్టి కేసరాల్లోది తుమ్మెద తిండికి. పొడుగు కేసరాల్లోది దాని ఒంటికి అంటుకుని ఇంకో పువ్వుకు చేరుతుంది. ఈ విద్య తేనెటీగకు రాదు.

ఇప్పుడు ఆకులు తిప్పి చూడండి, చిల్లులు! లేతాకుపచ్చ ఛాయ తెల్లటి సీతాకోకచిలుకలు వీటి మీద గుడ్లు పెడతాయి, పిల్ల గొంగళిపురుగులు ఆకు కొరుక్కు తింటాయి. చెట్టుకు తెగులు పట్టిందని అనుకోవద్దు. దీన్ని తిని బతకడం తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు, అంతే.

వయ్యారిభామ ఆకు మాత్రం చాలాచోట్ల చిల్లు లేకుండా ఉంటుంది. అమెరికా ఖండపు మొక్క ఇది. 1950లలో పుణెలో కనిపించి, దేశమంతా పాకింది. దాన్ని తినే పురుగులు పుట్టినచోటే ఉండిపోయాయి. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, అందులోని పార్థెనిన్ అనే రసాయనం పక్క గింజలను సరిగా మొలవనివ్వదు. తంగేడు లాంటి పెద్ద పొద ఎలాగో నెట్టుకొస్తుంది. నాకు బాధంతా విష్ణుక్రాంత, తుమ్మి లాంటి చిన్నవాటి గురించే. వానకు అవి తల ఎత్తాల్సిన జాగానే ఇది ముందే కప్పేస్తుంది.

మెక్సికో నుంచి తెప్పించిన ఒక పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు. వయ్యారిభామ ఆకును అది ఈనెలు మాత్రమే మిగిలేలా తినేస్తుంది. కానీ ఎండలకు మట్టిలో దూరి పడుకుని, వానలు పడ్డాకే లేస్తుంది. మా వైపు వానలే కొన్నాళ్లు, దాని పనీ అంతే.

అందుకే చేత్తో పీకాల్సిందే. నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, వేరుతో సహా. చేతులకు తొడుగులు తప్పనిసరి. తగిలితే దద్దుర్లు వస్తాయి, కొందరికి ఆయాసం కూడా. మా ఇంటి వెనక ఖాళీ జాగాలో రెండేళ్లుగా ఇలాగే పీకుతున్నాను. ఈ వానకు అక్కడ ఐదు విష్ణుక్రాంతలు పూశాయి, గోరంత నీలి పూలు. మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి, చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి.