కాలికి బలపం కట్టుకున్న గోల్‌కీపర్: 29 క్లబ్‌లు తిరిగిన జాన్ బరిడ్జ్, ఒమన్ దాకా

1995 ఏప్రిల్ 29. మాంచెస్టర్ సిటీ అప్పటి మైదానం మెయిన్ రోడ్‌లో న్యూకాజిల్‌తో ఫుట్‌బాల్ మ్యాచ్. హాఫ్‌టైమ్‌లో సిటీ గోల్‌కీపర్ టోనీ కోటన్ బయటికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. అతని బదులు గ్లవ్స్ తొడుక్కుని లోపలికి వచ్చిన మనిషికి 43 ఏళ్ళు. పేరు జాన్ బరిడ్జ్, అందరూ పిలిచేది బడ్జీ అని. ఆ రోజుల్లో ఆయన న్యూకాజిల్ గోల్‌కీపర్లకే కోచింగ్ ఇస్తున్నాడు. అంటే తను ట్రైనింగ్ ఇచ్చే క్లబ్ మీదే ఆడాడు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, మ్యాచ్ 0-0తో అయిపోయింది. రెండు వారాల తర్వాత మే 14న క్యూపీఆర్ (క్వీన్స్ పార్క్ రేంజర్స్)తో ఆడినప్పుడు ఆయన వయసు 43 ఏళ్ళ 162 రోజులు. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఆడినవాళ్ళలో అందరికంటే పెద్దవాడన్న రికార్డు అప్పటి నుంచీ ఆయనదే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇలా క్లబ్ తర్వాత క్లబ్ మారే గోల్‌కీపర్ల గురించి మనలో చాలామందికి ఒక చిన్నచూపు ఉంది. "ఎక్కడా నిలవలేదు కాబట్టే అన్ని క్లబ్‌లు తిరిగాడు" అనేస్తాం. తర్వాత అదే మనిషి కోచ్‌గా కనిపిస్తే, ఆడలేక కోచ్ అయ్యాడని ఇంకో మాట. నేను కాలేజీలో రెండేళ్ళు గోల్‌లో నిలబడ్డాను, ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు నొచ్చుకుంటుంది. ఈ తిరుగుడు ఎందుకు వచ్చింది, అందులోంచి గోల్‌కీపర్ కోచ్ అనే ఉద్యోగం ఎలా పుట్టింది అన్నది బరిడ్జ్ జీవితంలో చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు.

మొదటి కారణం చాలా మామూలుది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. డిఫెండర్ ఫామ్ పోతే పక్కకి జరిపి ఇంకో చోట ఆడించవచ్చు, మిడ్‌ఫీల్డర్‌ని చివరి పావుగంటకి దింపవచ్చు. గోల్‌కీపర్‌కి ఉన్నది ఒకే ఒక్క చోటు. అందులో తనకంటే కాస్త మెరుగైనవాడు వచ్చి నిలబడితే ఇక సీజన్ మొత్తం చూస్తూ కూర్చోవాలి, లేదంటే మూటాముల్లె సర్దుకోవాలి. దీనికి తోడు ఇంగ్లీష్ లీగ్‌లో 1965 దాకా సబ్‌స్టిట్యూట్ అనేవాడే లేడు, ఆ తర్వాత కూడా 1987 వరకు ఒక్కరికే అవకాశం. ఉన్న ఆ ఒక్క చోటు గోల్‌కీపర్‌కి ఎవరిస్తారు? మ్యాచ్ మధ్యలో గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలితే ఏ డిఫెండరో జెర్సీ మార్చుకుని గోల్‌లో నిలబడేవాడు. వారం తర్వాతి మ్యాచ్‌కి మాత్రం అసలైన గోల్‌కీపర్ కావాలి, అదీ వెంటనే. మేనేజర్లు ఫోన్లు తిప్పేవాళ్ళు. ఫోన్ రాగానే బండెక్కడానికి రెడీగా ఉండే అనుభవస్తులకి అలా ఒక మార్కెట్ ఏర్పడింది. నలభై దాటాక బరిడ్జ్ ఆడిన క్లబ్‌లలో చాలావాటికి ఆయన్ని పిలిచింది ఇలాంటి అవసరం కొద్దీనే.

ఆయన పుట్టింది 1951 డిసెంబర్ 3న, ఇంగ్లండ్ వాయవ్య మూలన ఉన్న వర్కింగ్టన్‌లో. సొంతూరి క్లబ్‌కే 1969లో ఆడటం మొదలుపెట్టాడు. 1971లో బ్లాక్‌పూల్ తీసుకుంది. ఆ ఏడే బ్లాక్‌పూల్ ఫస్ట్ డివిజన్ (అప్పటి అన్నిటికంటే పై లీగ్) నుంచి కిందికి పడిపోయింది, అదే ఏడు ఆంగ్లో-ఇటాలియన్ కప్ ఫైనల్లో బొలోన్యాని వాళ్ళ సొంత ఊళ్ళోనే 2-1తో ఓడించింది. పందొమ్మిదేళ్ళ కుర్రాడికి ఆ ఒక్క ఏడాదిలోనే ఈ ఆట రెండు వైపులూ తెలిసొచ్చాయి.

1975లో ఆస్టన్ విల్లాకి వెళ్ళాడు. 1977 లీగ్ కప్ ఫైనల్ ఎవర్టన్‌తో, ఒక్కసారితో తేలలేదు. రెండుసార్లు మళ్ళీ ఆడి చివరికి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో విల్లా 3-2తో గెలిచింది. అంత పెద్ద కప్ గెలిచిన గోల్‌కీపర్‌కి ఇక ఢోకా లేదనుకుంటాం కదా! ఆ వేసవిలోనే విల్లా ఆర్సెనల్ నుంచి జిమ్మీ రిమ్మర్‌ని తెచ్చుకుంది. బరిడ్జ్ చోటు పోయింది. మెడల్ వచ్చిన కొన్ని నెలలకే సౌత్ఎండ్ క్లబ్‌కి లోన్ మీద, అంటే కొన్నాళ్ళకి అరువుగా, పంపేశారు. తరచుగా క్లబ్ మారేవాడంటే పనికిరానివాడు అనే వాళ్ళు ఈ 1977ని ఒకసారి చూడాలి.

1978లో క్రిస్టల్ ప్యాలెస్‌కి వెళ్తే అక్కడ టెర్రీ వెనబుల్స్ మేనేజర్. మరుసటి ఏడే సెకండ్ డివిజన్ చాంపియన్లు. వెనబుల్స్ క్యూపీఆర్‌కి మారితే కొద్ది వారాలకే బరిడ్జ్‌ని కూడా పిలిపించుకున్నాడు. క్యూపీఆర్ 1982లో ఎఫ్ఏ కప్ ఫైనల్ దాకా వెళ్ళింది, కానీ ఆ ఫైనల్లో గోల్‌లో ఉన్నది పీటర్ హకర్. మళ్ళీ అదే కథ. వుల్వ్స్‌లో చేరాడు, 1983లో వాళ్ళు పై డివిజన్‌కి ఎక్కారు. తర్వాత షెఫీల్డ్ యునైటెడ్. 1987లో ఇంగ్లండ్ జట్టు గోల్‌కీపర్ పీటర్ షిల్టన్ అంతటివాడు సౌతాంప్టన్ వదిలి డెర్బీకి వెళ్తే ఆ ఖాళీలో నిలబడటానికి వాళ్ళు పిలిచింది 35 ఏళ్ళ బరిడ్జ్‌నే. అక్కడి నుంచి న్యూకాజిల్.

ఆ తర్వాతది నాకు అన్నిటికంటే ఇష్టమైన మజిలీ. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరా క్లబ్ హిబర్నియన్‌ని 1990లో పక్కనే ఉన్న హార్ట్స్ క్లబ్ యజమాని కొనేసి కలిపేసుకోబోయాడు. అభిమానులు రోడ్డెక్కి పోరాడి క్లబ్‌ని కాపాడుకున్నారు. ఏడాది తిరిగేసరికి 1991 అక్టోబర్‌లో అదే హిబర్నియన్ సెమీస్‌లో రేంజర్స్‌ని, ఫైనల్లో డన్‌ఫర్మ్‌లిన్‌ని ఓడించి స్కాటిష్ లీగ్ కప్ గెలిచింది. గోల్‌లో 39 ఏళ్ళ బడ్జీ. లేకుండా పోయేది అనుకున్న క్లబ్‌కి కప్ తెచ్చిన జట్టులో ఉండటం ఏ గోల్‌కీపర్‌కైనా జన్మకి ఒకసారి దొరికే భాగ్యం.

మిగతా పేర్లు గబగబా చెప్పేస్తాను: స్కార్‌బరో, లింకన్, అబెర్డీన్, డంబార్టన్, ఫాల్కిర్క్, నాట్స్ కౌంటీ, డార్లింగ్టన్, క్వీన్ ఆఫ్ ద సౌత్, ఇంకా కొన్ని. మొత్తం 29 క్లబ్‌లు, లీగ్ మ్యాచ్‌లే 750కి పైన.

ఇన్నేళ్ళు ఎలా ఆడగలిగాడు అంటే, తనకి తనే కోచ్ కాబట్టి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఆయన ఆట మొదలుపెట్టిన కాలంలో గోల్‌కీపర్‌కి విడిగా ట్రైనింగ్ అనేదే దాదాపు లేదు. అందరితో పాటు మైదానం చుట్టూ పరుగెత్తడం, చివర్లో ఫార్వర్డ్‌లు షూటింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే ఎదురుగా నిలబడటం, అంతే. ఆ ప్రాక్టీస్ ఫార్వర్డ్‌లది, గోల్‌కీపర్‌ది కాదు. క్రాస్ బాల్‌కి ఎప్పుడు బయటికి రావాలి, ఎదురుగా ఒక్కడే వస్తున్నప్పుడు ఎంతవరకు ముందుకెళ్ళాలి, డైవ్ చేసి పడ్డాక ఎంత త్వరగా లేవాలి అన్నవి చెప్పేవాళ్ళు లేరు. బరిడ్జ్ అవన్నీ సొంతంగా కట్టుకున్నాడు. తిండి, నిద్ర, ఒంటి సాగదీతలు అన్నిటి మీదా పిచ్చి పట్టుదల. ఇంట్లో టీవీ చూస్తూ ఉంటే భార్య ఉన్నట్టుండి పండు విసరాలి, ఈయన పట్టుకోవాలి. బంతిని పక్కలో పెట్టుకుని, గ్లవ్స్ తొడుక్కునే పడుకునేవాడు కూడా. విన్నవాళ్ళు నవ్వుకున్నారు కానీ నాకు నవ్వు రాదు. నేర్పేవాడు లేని చోట మనిషి తనకి తానే బడి పెట్టుకున్నాడు.

ఆ బడి మిగతా చోట్ల కూడా అప్పుడప్పుడే లేస్తోంది. ఆర్సెనల్ మాజీ గోల్‌కీపర్ బాబ్ విల్సన్ 1974లో ఆట మానేశాక అదే క్లబ్‌లో పాట్ జెన్నింగ్స్ నుంచి డేవిడ్ సీమన్ దాకా ఎందరికో నేర్పాడు. షెఫీల్డ్ యునైటెడ్‌కి ఐదువందలకు పైగా మ్యాచ్‌లు ఆడిన అలన్ హాడ్జ్‌కిన్సన్ క్లబ్ నుంచి క్లబ్‌కి తిరిగి గోల్‌కీపర్లకి మాత్రమే కోచింగ్ ఇవ్వడాన్నే వృత్తిగా పెట్టుకున్నాడు. పీటర్ ష్మైకెల్‌ని చూసి, తీసుకోమని మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్‌కి గట్టిగా చెప్పింది ఆయనే. హాలండ్‌లో ఫ్రాన్స్ హూక్ 1985 నుంచి అయాక్స్ క్లబ్‌లో ఇదే పని చేశాడు, తర్వాత హాలండ్ జట్టు గోల్‌కీపరైన వాన్ డెర్ సార్ తయారైంది అక్కడే. 1992లో వచ్చిన బ్యాక్‌పాస్ రూల్ ఈ ఉద్యోగాన్ని ఇంకా గట్టిపరిచింది. సొంత ఆటగాడు కాలితో ఇచ్చిన పాస్‌ని ఇక చేత్తో పట్టుకోకూడదు అనగానే, పాతికేళ్ళు చేతుల మీద బతికినవాళ్ళు కాళ్ళతో ఆడటం నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పడానికి మనిషి కావాలి. బరిడ్జ్‌కి అప్పటికి నలభై, ఆయనా నేర్చుకున్నాడు.

మన దగ్గర కూడా ఈ దారిలో నడిచిన గొప్పవాడు ఒకరున్నారు. హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్‌లలో మొదలుపెట్టి, ఆర్మీలో చేరాక సెంటర్ ఫార్వర్డ్ నుంచి గోల్‌లోకి మారిన పీటర్ తంగరాజ్. మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్ళారు, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో మనం దక్షిణ కొరియాని ఓడించి బంగారు పతకం గెలిచినప్పుడు గోల్‌లో ఉన్నది ఆయనే. 1967లో అర్జున అవార్డు వచ్చింది. కలకత్తాలో మొహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడారు. ఆట అయ్యాక గోవాలో వాస్కో, ఆ తర్వాత బొకారో స్టీల్ ప్లాంట్‌లో కోచింగ్ ఇస్తూ 2008లో బొకారోలోనే కన్నుమూశారు. సికింద్రాబాద్ మైదానాల్లో ఇవాళ ఆడే పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసో అని అప్పుడప్పుడు దిగులేస్తుంది.

బరిడ్జ్ దగ్గరికి వస్తే, ఆట ఆగిపోయాక ఆయన కుప్పకూలిపోయాడు. ఆ మాట ఆయనే దాచకుండా చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళ పాటు పొద్దున లేస్తే ట్రైనింగ్, శనివారం వస్తే మ్యాచ్, ఒక్కసారిగా రెండూ లేవు. తీవ్రమైన డిప్రెషన్‌తో ఆస్పత్రిలో చేరి వైద్యం తీసుకోవాల్సి వచ్చింది. వరసగా క్లబ్‌లు మార్చింది డబ్బు కోసమో పేరు కోసమో కాదని నాకు అనిపించేది ఇక్కడే: గోల్‌లో నిలబడకుండా ఉండలేకపోయాడు, అంతే.

ఆ మనిషిని మళ్ళీ నిలబెట్టింది ఒమన్. అక్కడి జాతీయ జట్టు గోల్‌కీపర్లకి కోచ్‌గా వెళ్ళాడు. బతుకుతెరువు కోసం మస్కట్ వెళ్ళిన మన తెలుగువాళ్ళు ఎందరో, ఈయన కూడా ఒక రకంగా అలాగే వెళ్ళాడు. అక్కడ మూడో డివిజన్ క్లబ్ అల్ ముదైబీలో ఒక పొడుగాటి కుర్రాడు కంట్లో పడ్డాడు, పేరు అలీ అల్ హబ్సీ. ఆ కుర్రాడు ఎయిర్‌పోర్ట్‌లో ఫైర్‌మన్‌గా పనిచేసేవాడు. బరిడ్జ్ తను ఒంటరిగా పోగుచేసుకున్నదంతా అతనికి నూరిపోశాడు. ఇంగ్లండ్ పంపాలని చూస్తే వర్క్ పర్మిట్ అడ్డొచ్చింది, ఒమన్ లాంటి కింది ర్యాంకు దేశం ఆటగాడికి అది దొరకడం చాలా కష్టం. అందుకని 2003లో నార్వే. ఓస్లోలోని లిన్ క్లబ్‌కి ఆడుతూ మరుసటి ఏడే ఆ దేశంలో ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 2006 జనవరిలో బోల్టన్ తీసుకుంది, ప్రీమియర్ లీగ్ క్లబ్‌లో అడుగుపెట్టిన మొదటి ఒమన్ ఆటగాడు అతనే. 2009లో మస్కట్‌లో జరిగిన గల్ఫ్ కప్ ఫైనల్లో ఒమన్ పెనాల్టీల మీద సౌదీని ఓడించి మొదటిసారి ఆ కప్ గెలిచింది, అల్ హబ్సీ వరసగా నాలుగోసారి టోర్నీలో ఉత్తమ గోల్‌కీపర్ అయ్యాడు.

విగాన్‌కి వెళ్ళాక మొదటి సీజన్‌లోనే క్లబ్ ఉత్తమ ఆటగాడు కూడా అయ్యాడు. 2013లో విగాన్ వెంబ్లీలో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచినప్పుడు మాత్రం గోల్‌లో నిలబడింది జోయెల్ రోబ్లెస్. ఆ తర్వాత అల్ హబ్సీ కూడా బ్రైటన్, రెడింగ్, సౌదీలో అల్ హిలాల్, మళ్ళీ ఇంగ్లండ్‌లో వెస్ట్ బ్రామ్ అంటూ ఒక్కో ఊరూ మారుతూ వెళ్ళాడు.