ఫిజియోథెరపీలో మైండ్‌ఫుల్‌నెస్ ఏంటి మేడం? కొన్ని అపోహలు - వాస్తవాలు

మా క్లినిక్ మాదాపూర్‌లో, వచ్చేవాళ్ళు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ వాళ్ళే. మెడ పట్టేసింది, భుజం లాగేస్తోంది అంటారు, ఎక్స్‌రే చూస్తే నార్మల్. మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఇప్పుడు ఒంట్లో, ఊపిరిలో ఏం జరుగుతోందో ధ్యాస పెట్టి గమనించడం, అది కూడా చేద్దాం అనగానే మొహం మాడిపోద్ది.

అపోహ: అంటే నొప్పి అంతా నా భ్రమే అంటారా?

కాదండీ బాబూ, నొప్పి నిజమే. డెడ్‌లైన్ టైంలో మీకు తెలీకుండానే భుజాలు చెవుల దాకా లేస్తాయి, పళ్ళు బిగుస్తాయి, ఊపిరి పైపైనే ఆడుద్ది, మెడ నుంచి భుజం దాకా ఉండే ట్రెపీజియస్ కండరం గంటలకొద్దీ సడలకుండా అలాగే ఉంటుంది, పైగా టెన్షన్‌లో ఉన్నప్పుడు అదే నొప్పి ఇంకా ఎక్కువ తెలుస్తది. బిగుసుకున్న సంగతి గమనిస్తేనే కదా వదిలేది! నేను నేర్పేది అదే.

అపోహ: ఇది స్వామీజీల పని, ఫిజియోకెందుకు?

1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ ప్రోగ్రాం మొదలుపెట్టింది ఆస్పత్రి పేషెంట్ల కోసమే, వాళ్ళలో ఏళ్ళ తరబడి నొప్పితో ఉన్నవాళ్ళు చాలామంది. 2016లో 342 మంది నడుంనొప్పి వాళ్ళతో వచ్చిన ట్రయల్‌లో, ఈ ప్రోగ్రాం చేసినవాళ్ళలో 26 వారాలకి రోజువారీ పనుల్లో బాగా మెరుగైనవాళ్ళు 61 శాతం, మామూలు ట్రీట్‌మెంట్‌తో 44 శాతం. సిబిటి (ఆలోచనలు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే థెరపీ) తీసుకున్నవాళ్ళలో కూడా 58 శాతం మెరుగయ్యారు, కాబట్టి ఇదేదో మహిమ అని నేనైతే అనను.

అపోహ: రోజూ గంటసేపు కళ్ళు మూసుకోవాలి.

అక్కర్లా. కొందరికి కళ్ళు మూస్తే గాభరా ఇంకా పెరుగుద్ది, వాళ్ళని కళ్ళు తెరిచే, పాదాలు నేలకి ఆనించి కూర్చోమంటా. కాల్ జాయిన్ అయ్యే ముందు మూడు నిదానమైన ఊపిరులు, వదిలేటప్పుడు భుజాలు కిందకి. చిన్ టక్ (గడ్డం నిటారుగా వెనక్కి లాగే మెడ ఎక్సర్‌సైజ్) చేసేటప్పుడు రీల్స్ చూస్తూ పది లాగించెయ్యకుండా, ఎక్కడ లాగుతోందో చూస్తూ ఐదు చేసినా చాలు.

అపోహ: ఇది చేస్తే ఎక్సర్‌సైజ్ మానేయొచ్చు.

అస్సలు కాదు, ఎక్సర్‌సైజ్‌తో పాటే ఇది. అలాగే చెయ్యి తిమ్మిరెక్కినా, వస్తువులు జారిపోతున్నా ముందు డాక్టర్‌కి చూపించండి.

అపోహ: ఆఫీస్ స్ట్రెస్ పోతుంది.

పోదు. ఒక కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళు పిలిస్తే వెళ్ళి సెషన్ చెప్పి వచ్చాను, అదే టీంకి అదే రోజు రాత్రి 11కి కాల్ పెట్టారంట, దానికి నా దగ్గర ఏ ఊపిరి టెక్నిక్కూ లేదు.