పోస్ట్‌డాక్ కొలువు: జీతం ఎవరి ఖాతాలోంచి వస్తోంది?

అమెరికాలో ఓ పెద్ద విశ్వవిద్యాలయం పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ప్రకటన ఇచ్చిందంటే కొలువు ఆ విశ్వవిద్యాలయానిదే అనుకుంటాం. కానీ చాలాసార్లు అది ఒక ప్రొఫెసర్ గ్రాంటు, అంటే పరిశోధన కోసం ఆయనకు వచ్చిన నిధి మీద ఆధారపడిన కొలువు. గ్రాంటు అయిపోతే అదీ అయిపోతుంది.

మొదట్లో ఇలా లేదు. 1919లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ఫెలోషిప్‌లు మొదలుపెట్టింది. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, భౌతిక శాస్త్రవేత్త ఒపెన్‌హైమర్ వంటివారు వాటిపైనే పనిచేశారు. డబ్బు పరిశోధకుడి పేరునే వచ్చేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రభుత్వ నిధులు వెల్లువెత్తాయి కానీ, వాటిలో ఎక్కువ భాగం ప్రొఫెసర్ల పేరిట ప్రాజెక్టు గ్రాంట్లుగా వచ్చింది. ల్యాబ్ పని నడవడానికి వాళ్లే పోస్ట్‌డాక్‌లను పెట్టుకున్నారు. వీళ్లు విద్యార్థులూ కారు, అధ్యాపకులూ కారు. 1969లో అదే కౌన్సిల్ పోస్ట్‌డాక్‌లపై వెలువరించిన నివేదిక పేరే ‘కనిపించని విశ్వవిద్యాలయం’.

ఆ అస్పష్టత నేటికీ నియామక పత్రంలో కనిపిస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్ హోదాలు మూడు: గ్రాంటు నుంచి జీతం తీసుకునే ఉద్యోగి, విశ్వవిద్యాలయం ద్వారా స్టైపెండ్ అందుకునే ఫెలో, బయటి సంస్థ నేరుగా డబ్బు పంపే పెయిడ్ డైరెక్ట్. పని ఒకటే, ల్యాబ్ ఒకటే. కానీ స్టైపెండ్‌లో సాధారణంగా ఆదాయపు పన్ను ముందే కోయరు. దాన్ని మూడు నెలలకోసారి లెక్కగట్టి కట్టకపోతే ఏడాది చివర జరిమానా పడొచ్చు. చాలాచోట్ల పదవీ విరమణ పొదుపూ ఉండదు. పోటీపడి ఫెలోషిప్ గెలిచినవాడు ఉద్యోగి హోదా పోగొట్టుకుని నష్టపోవడం నిజంగా అన్యాయం. పైగా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎన్‌ఆర్‌ఎస్‌ఏ ఫెలోషిప్‌లకు అమెరికా పౌరులు, శాశ్వత నివాసులే అర్హులు. వీసా మీద వచ్చినవారిలో చాలామంది గ్రాంటు జీతం మీదే ఆధారపడటానికి అదో ముఖ్య కారణం.

జీతాలు వాటంతటవే పెరగలేదు. అమెరికాలో ఓవర్‌టైమ్ నిబంధన ప్రకారం ఒక పరిమితి కంటే తక్కువ జీతం ఉన్నవారికి అదనపు పనిగంటలకు అదనంగా చెల్లించాలి. 2016లో ఆ పరిమితిని ఏడాదికి 47,476 డాలర్లకు పెంచాలని అమెరికా కార్మిక శాఖ నిర్ణయించింది. నవంబరులో కోర్టు దాన్ని ఆపేసింది. అయినా ఎన్‌ఐహెచ్ మొదటి ఏడాది స్టైపెండ్‌ను ఆ స్థాయికి తెచ్చింది. 2024కి అది 61,008 డాలర్లయింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పోస్ట్‌డాక్‌ల సంఘానికి 2008లో గుర్తింపు, 2010లో తొలి ఒప్పందం దక్కాయి. 2022 నవంబరులో ఆ విశ్వవిద్యాలయంలో సుమారు 48,000 మంది పని ఆపేసినప్పుడు పోస్ట్‌డాక్‌లూ వారిలో ఉన్నారు.

ఎక్కువమంది పొరబడేది ఏళ్ల లెక్కలో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్ గడువు మొత్తం ఐదేళ్లు. వేరే సంస్థల్లో చేసిన కాలమూ అందులో కలుస్తుంది, ఆరో ఏడు ప్రత్యేక అనుమతితోనే. స్వతంత్ర పరిశోధకుడిగా మారడానికి ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే99 గ్రాంటుకు పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకముందే దరఖాస్తు చేయాలి. మొదటి ప్రయత్నం తిరస్కరణకు గురైతే సవరించి మళ్లీ పంపడానికి నెలలు పడుతుంది. రెండో ఏడాదిలోనే ముసాయిదా రాయడం మొదలుపెట్టాలి. సంతకానికి ముందు హోదా ఏమిటి, డబ్బు ఏ గ్రాంటుది, అది ఏ తేదీన ముగుస్తుంది, పునరుద్ధరణ కాకపోతే ఎన్ని రోజుల ముందు చెబుతారు అనేవి ప్రొఫెసర్‌నే కాక విభాగం కార్యాలయాన్ని కూడా అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.