భూమి ఊగితే అగ్నిపర్వతం పుడుతదా? అపోహలు - వాస్తవాలు

నేను జియాలజిస్టును, నల్లగొండ, పాలమూరు దిక్కు బోరు పాయింట్లు చూస్త. నీళ్ల గురించి అడిగేటోళ్లు ఎంతమందో లావా గురించి అడిగేటోళ్లు గూడ అంతమంది అయిపోయిన్రు ఈ మధ్య, వాట్సాప్ పుణ్యమా అని. అందుకే ఒక్కసారి రాసి పెడుతున్న, ఇగ మళ్లా ఫోన్ చేస్తే ఇదే పంపుత.

అపోహ: భూమి కదిలిందంటే కింద అగ్నిపర్వతం లేస్తున్నట్టే.

ఎక్కువ కొంపలు ముంచుతున్నది ఇదే. 2020 జనవరిల సూర్యాపేట జిల్లా చింతలపాలెం, మేళ్లచెర్వు దిక్కు రోజుల తరబడి భూమి గురగురలాడింది, 26 తారీఖు తెల్లారక ముందే 4.6 తీవ్రతతోని గట్టిగనే ఊగింది. జనం చలిల చంటిపిల్లల్ని పట్టుకొని బయట పడుకున్నరు. వాళ్ల భయాన్ని చూసి నవ్వేటోళ్లంటే నాకు మంట, గోడలు ఊగుతుంటే ఎవరికైనా భయమైతది. కానీ ఆ భయం మీద బేరాలు జేసేటోళ్లు ఉంటరు చూడు, వాళ్లు ఇంకా పాపాత్ములు. ఆ తర్వాత ఒక పెద్దాయన వచ్చి పట్టా పాస్‌బుక్కు టేబుల్ మీద పెట్టి "సారూ, అగ్నిపర్వతం లేస్తదంట గదా, ఒక ఎకరం వచ్చిన కాడికి ఇచ్చేసిన, ఉన్నది గూడ ఇచ్చెయ్యాల్నా" అన్నడు. కొన్నోనికి మాత్రం ఏ అగ్నిపర్వతం భయం లేదు! "కాకా, ఉన్న ఎకరం మీద చెయ్యి వెయ్యకు" అని చెప్పి పంపిన, పోయిన ఎకరానికి ఏం చెప్పాల్నో తెల్వలేదు.

అసలు సంగతి ఏందంటే, మన కాళ్ల కింద లావా సముద్రమేం లేదు. భూమి పైపెంకు కింద ఉండే మందపాటి పొరను మాంటిల్ అంటరు, అది ఎర్రగ మరిగే పులుసు అనుకుంటరు, అది దాదాపు అంతా గట్టి రాయే, వేడి ఎంతున్నా మీది ఒత్తిడి దాన్ని కరగనియ్యదు. కరగాలంటే ఏదో కారణం ఉండాలె. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగ ఉంటది, వాటినే ప్లేట్లంటరు, అవి విడిపోయే చోట ఒత్తిడి తగ్గి కరుగుతది, అట్లాంటిక్ నడుమ అట్లనే, ఐస్‌లాండ్‌ల అయితే దానికి తోడు హాట్‌స్పాట్ గూడ ఉంది, అదేందో కింద చెప్త. ఒక ప్లేటు ఇంకోదాని కిందికి దూరే చోట, మునిగే ప్లేటుల నుంచి వచ్చే నీళ్ల వల్ల మీది రాయి తక్కువ వేడికే కరుగుతది. అండమాన్‌ల బ్యారెన్ ఐలాండ్ అట్ల పుట్టిందే, నూరేండ్లకు పైగనే ఊకుండి 1991ల మళ్ల లేచింది. మూడోది హాట్‌స్పాట్, లోతు నుంచి వేడి రాయి పైకి లేచే చోటు. మనం ఈ మూడింట్ల ఎక్కడా లేము. సూర్యాపేట దిక్కు జరిగింది పాత రాళ్లల్ల పగుళ్లు కొంచెం జరుగుడు, అంతే. భూకంపానికి అగ్నిపర్వతం అక్కర్లేదు.

అపోహ: హాట్‌స్పాట్ ఊరూరు తిరుగుతది, రేపు మన కిందికి వస్తది.

హాట్‌స్పాట్ దాదాపు ఉన్న చోటనే ఉంటది, తిరిగేది ప్లేటు. పెనం మీద జొన్నరొట్టె జరుపుతుంటే మంట తగిలిన కాడల్లా మచ్చలు పడతయ్ గదా, ఆ లెక్కనే. హవాయి చూడుండ్రి, కవాయి దీవి వయసు సుమారు 50 లక్షల ఏండ్లు, ఆగ్నేయం దిక్కున్న పెద్ద దీవి పది లక్షల ఏండ్లు గూడ దాటలే, దాని పక్కన సముద్రం అడుగున ఇంకో అగ్నిపర్వతం పెరుగుతనే ఉంది. 1963ల కెనడా శాస్త్రవేత్త ట్యూజో విల్సన్ ఈ వరుసను చూసే హాట్‌స్పాట్ ముచ్చట చెప్పిండు. మన కథ గూడ అదే, కొడంగల్, వికారాబాద్ దిక్కు కనబడే నల్లరాయి 6.6 కోట్ల ఏండ్ల కింది దక్కన్ లావా, అప్పుడు మన ప్లేటు ఒక హాట్‌స్పాట్ మీదికెళ్లి పోతున్నది. ఇప్పుడా హాట్‌స్పాట్ హిందూ మహాసముద్రంల రీయూనియన్ దీవి కింద ఉంది, ఇక్కడికి సుమారు ఐదు వేల కిలోమీటర్లు. మనం ఉత్తరం దిక్కు జరిగి వచ్చినం, వచ్చిన దారిల లక్షద్వీప్, మాల్దీవుల కింద దాని ఆనవాళ్లున్నయ్. ఎనకకు పోయేదేం లేదు మనం.

అపోహ: బోరుల నల్లపొడి, పొగ వస్తే లావా.

బోరు బండి హ్యామర్ రాయిని కొట్టి పొడి జేస్తది, కంప్రెసర్ గాలి దాన్ని పైకి ఎగజిమ్ముతది, రాపిడికి వేడైతది, అదే మీ పొగ. చలికాలం పొద్దున బోరు నీళ్లకు ఆవిరి లేస్తే గూడ కంగారొద్దు, బయట గాలి చల్లగుండి నీళ్లు గోరువెచ్చగ ఉంటయ్ కాబట్టి. నేనైతే పొడిని పిడికెడు తీసి నీళ్లల్ల కడుగుత: గ్రానైట్ అయితే తెల్లటి, గులాబీ రంగు పలుకులు మెరుస్తయ్, డోలరైట్ అయితే నల్లగ, ఒక రకం ఆకుపచ్చ ఛాయతోని, బరువుగ ఉంటది. మన గ్రానైట్‌ను చీల్చుకొని వచ్చిన ఈ డోలరైట్ గోడలనే డైకులంటరు, వాటిల్ల చాలామటుకు 200 కోట్ల ఏండ్లకు అటూ ఇటువి. ఒకప్పుడు మాగ్మానే, అంటే భూమి లోపటి కరిగిన రాయి, ఎప్పుడో సల్లారింది. దాని ముచ్చట మనకు నీళ్ల కోసమే, డైకు భూమిల అడ్డం ఉంటే ఎగువ దిక్కు నీళ్లు ఆగే ఛాన్స్ ఉంటది, రెండు దిక్కులా ఒకటే అనుకొని బోరేస్తే పైసలు మట్టిపాలే.

ఇగ నారాయణపేట దిక్కు కింబర్లైట్, అంటే కొన్నిచోట్ల వజ్రాలుండే రాయి, ఉన్నది నిజమే, 110 కోట్ల ఏండ్ల కింద లోతుల నుంచి దూసుకొచ్చిన అగ్నిపర్వత గొట్టాలవి. వజ్రాల గని తెరిచేంత సరుకు మాత్రం ఇంతవరకు దొరకలే, కాబట్టి వజ్రాల కోసం తవ్విస్తే జేసీబీ కిరాయి దండుగ.