పిల్లల ఆట: మనం అనుకునేదొకటి, చూస్తే కనిపించేదొకటి

అనంతపురం చుట్టుపక్కల అంగన్‌వాడీ, నర్సరీ టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. తల్లిదండ్రుల నుంచి, అప్పుడప్పుడు టీచర్ల నుంచి కూడా నేను తరచూ వినే మాటలు కొన్ని ఇవి.

అపోహ: ఆట వేరు, చదువు వేరు.

వాస్తవం: మా వైపు పిల్లలు బోరు ఆట ఆడతారు. ఒకడు అరచేతిలో గుండ్రాయి పెట్టుకుని నడుస్తాడు. అది టెంకాయ: బోరుకు నీళ్లు ఎక్కడ పడతాయో చెబుతామనేవాళ్లు అరచేతిలో టెంకాయ పెట్టుకుని అలాగే నడుస్తారు. రాయి కదిలిన చోట బోరు వేయాల్సిన 'పాయింటు' పడినట్టే. ఇంకొకడు అక్కడ పుల్ల గుచ్చి నోటితో బోరు లారీ మోత మోగిస్తాడు. ఒక పిల్ల తొందరపడి "నీళ్లు పడ్డాయి!" అని అరిస్తే తక్కినవాళ్లు ఒప్పుకోలేదు: "ఇంకా ఐదు వందల అడుగులు కూడా పోలేదు కదా!" ఆ పిల్ల మారుమాట లేకుండా మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది.

రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లో ఇచ్చిన ఉపన్యాసంలో చెప్పింది ఇదే. కర్రను గుర్రం చేసుకున్నప్పుడు పిల్లలు వస్తువు నుంచి దాని అర్థాన్ని వేరుచేయడం నేర్చుకుంటారు. రాయి టెంకాయ కాగలిగితే, రేపు పలక మీది గీత ఒక శబ్దానికి గుర్తు కాగలదు. ఊహించుకున్న సన్నివేశం ఏదైనా అందులో నియమం దాగి ఉంటుందని కూడా ఆయన అన్నారు. టీచరు చెప్పినా కుదురుగా కూర్చోని పిల్ల, ఆటలో తోటివాళ్ల మాటకు ఆగిపోయింది. పుల్లలూ రాళ్లే ఇంత పని చేస్తుంటే ఖరీదైన 'మేధస్సు పెంచే' బొమ్మలు ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: ఒంటరిగా ఆడుకునే పిల్లలకు కలుపుగోలుతనం ఉండదు.

వాస్తవం: అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు నర్సరీ పిల్లలను ఒక్కొక్కరినీ నిమిషం చొప్పున పలుమార్లు గమనించి, 1932లో ఆ వివరాలు ప్రచురించారు. ఊరికే ఉండటం, ఒంటరి ఆట, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వారు ఆడటం, కలిసిమెలిసి ఆడటం, పనులు పంచుకుని ఆడటం అని ఆరు రకాలుగా విభజించారు. దీన్ని మెట్లుగా చదివి, పై మెట్టు ఎక్కని పిల్లలు వెనకబడ్డారని భయపడతారు. ఐదేళ్ల పిల్లలు కూడా రోజంతా వీటి మధ్య అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఒంటరిగా కూర్చుని పట్టుదలగా ఇసుక గోడ కట్టే పిల్లవాడికి ఏ లోటూ లేదు. అయితే రెండేళ్లు దాటినా ఉత్తుత్తి ఆటలు లేకపోయినా, వేలుపెట్టి చూపించకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

అపోహ: గోలీల్లో తొండి చేసేవాడు పెద్దయ్యాక మోసగాడవుతాడు.

వాస్తవం: స్విట్జర్లాండ్‌లో పియాజే అనే మనస్తత్వవేత్త గోలీలాడే పిల్లలనే నియమాల గురించి ప్రశ్నించారు. చిన్నవాళ్లు నియమం మార్చరానిదంటూనే ఎవరికి తోచినట్టు వాళ్లు ఆడారు. అందరూ ఒప్పుకుంటే నియమాన్ని మార్చుకోవచ్చన్న తెలివిడి పది, పన్నెండేళ్లకు గాని రాలేదు. కాబట్టి నాలుగేళ్లవాడిది తొండి కాదు.

అపోహ: పెనుగులాడుతున్నారంటే కొట్టుకుంటున్నట్టే.

వాస్తవం: ముఖాలు చూడండి. నవ్వుతూ, ఒకసారి ఒకరు, ఒకసారి మరొకరు కింద పడుతూ, అయిపోయాక కూడా కలిసే ఉంటే అది ఆటే.

అపోహ: గమనించడానికి శిక్షణ ఎందుకు? కళ్లుంటే చాలు.

వాస్తవం: టీచర్ల నోటు పుస్తకాల్లో నాకు ఎక్కువగా కనబడే మాట 'మొండి'. అది తీర్పు. "లారీ బొమ్మ అడిగింది, ఇవ్వలేదు, మళ్లీ అడగకుండా ఇసుక దగ్గరికి వెళ్లింది" అన్నది పరిశీలన. ఇంట్లో కూడా పది నిమిషాలు కొంచెం దూరంగా కూర్చుని ఇలాగే రాయండి. మధ్యలో "అది ఏ రంగు నాన్నా?" అని మాత్రం అడగకండి.