పిల్లలతో చేతిపనులు: మా బడిలో తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పోయిన ఆగస్టులో ఒక తండ్రి రాత్రి ఏడున్నరకి ఫోన్ చేశారు. "టీచర్ గారూ, ఊళ్ళో ఏ షాపులోనూ థర్మోకోల్ బాల్స్ లేవండీ. రేపటికి మా పాప ప్రాజెక్ట్ ఎలాగండీ?" పాపకి నాలుగేళ్ళు. నేనిచ్చిన పని ఒక్కటే: ఇంట్లో దొరికేదాంతో గుండ్రంగా ఏదైనా చేసి తీసుకురమ్మని. వెనకాల వంటింట్లో అప్పడాల కర్ర చప్పుడు వినిపిస్తోంది. "చపాతీ పిండి ఉందిగా అండీ, ఓ ముద్ద పాప చేతికివ్వండి" అన్నాను. కాసేపు అవతల మాట లేదు. "అది క్రాఫ్టేనాండీ?" అన్నారు చివరికి.

అమలాపురం దగ్గర 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకి 17 ఏళ్ళుగా చెబుతున్నాను. ఆయన అడిగిన ప్రశ్న ఏటా ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. అందరి కళ్ళూ తయారైన వస్తువు మీదే ఉంటాయి, పిల్లల చేతుల వైపు ఎవరూ చూడరు. కింద రాసిన అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: క్రాఫ్ట్ అంటే ముందు సామాను కొనాలి

కొనాల్సినవి రెండే: మొన లేని కత్తెర, ఒక పెట్టె క్రేయాన్లు. జిగురు కూడా ఇంట్లోనే అవుతుంది. రెండు చెంచాల మైదాని గ్లాసుడు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న మంట మీద తిప్పుతూ ఉంటే చిక్కబడి కాస్త నిగనిగలాడుతుంది. అప్పుడు దించి చల్లార్చాలి. పురుగు పట్టకుండా పాతకాలం బైండింగ్ వాళ్ళు ఇలాంటి జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లల జిగురులో చిటికెడు కూడా వద్దు. రెండు రోజులకి సరిపడా చేసుకుని, పులిసిన వాసన వస్తే పారబోయండి.

మా కోనసీమలో అయితే చెట్టు కిందే షాపు ఉంది. కొబ్బరాకు ఈనె తీసేసి, ఆకుని ఒక కొసన సన్నగా మొదలుపెట్టి చుట్టూ చుట్టుకుంటూ, ప్రతి చుట్టుకీ కొంచెం వెడల్పు పెంచుతూ పోతే బూర వస్తుంది. చివర విడిపోకుండా తీసేసిన ఈనెనే ముక్క విరిచి గుచ్చాలి. సన్నటి కొసలో మడిచిన చిన్న ఆకుముక్క దోపి, కాస్త నొక్కి ఊదితే మోగుతుంది. నాలుగేళ్ళ పిల్లలు సొంతంగా చెయ్యలేరు. కానీ మీరు చుడుతుంటే రెండో కొస బిగించి పట్టుకోగలరు, ఆ పట్టుకోవడమే పెద్ద పని. పట్టు వదిలితే మొత్తం విడిపోతుంది. ఆ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి! ఆకు వాడిపోతే మర్నాటికి మోగదు, ఇంకో ఆకు తెచ్చుకోవాలి.

ఊళ్ళో చెట్లు లేనివాళ్ళకి అట్టపెట్టెలున్నాయి, పాత పేపర్లున్నాయి, అన్నిటికన్నా పెళ్ళి శుభలేఖలున్నాయి. అంత మందం కాగితం, బంగారు అంచులతో సహా, ఏ స్టేషనరీ షాపులోనూ ఊరికే ఇవ్వరు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు, వాళ్ళింటికి డెలివరీకి వచ్చే అట్టపెట్టెలతో వాళ్ళవాడికి రైలు కట్టించింది. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో ఆకారాలు కట్టడం మన దేశంలో వేలమంది టీచర్లకి నేర్పింది ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా గారు. 2018లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

అపోహ: చేసింది చూడ్డానికి బాగుండాలి

నా మొదటి సంవత్సరం 28 మందితో సీతాకోకచిలకలు చేయించాను. రెక్కలు నేనే కత్తిరించాను, చుక్కలు ఎక్కడ పెట్టాలో నేనే చెప్పాను. గోడ మీద 28 సీతాకోకచిలకలు ఒక్క తీరుగా వాలాయి. తల్లిదండ్రులు ఫొటోలు తీసుకుని తెగ మెచ్చుకున్నారు. మర్నాడు ఒక బాబుని "నీది ఏదిరా?" అని అడిగితే, అన్నీ చూసి చూసి, "తెలీదు టీచర్" అన్నాడు.

అప్పట్నుంచి మాదిరి చేసి చూపించడం మానేశాను. వస్తువులు మధ్యలో పోస్తాను, పని చెబుతాను, చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఆ కూర్చోవడమే కష్టం, ఒట్టు. జిగురు డబ్బా సగం ఒకే చోట పోస్తుంటే చూస్తూ ఊరుకోవాలి. ఇంట్లో మీకూ ఇదే నా సలహా. "ఇదేంటమ్మా?" అని వెంటనే అడక్కండి, చాలాసార్లు అది ఏదీ కాదు. "ఇక్కడ చాలా జిగురు వేశావే" అని కనిపించింది చెప్పండి చాలు, మిగతాది వాళ్ళే చెబుతారు.

బడి నుంచి వచ్చిన ప్రాజెక్టుల్ని అర్ధరాత్రి దాకా కూర్చుని అమ్మానాన్నలే చేయడం గురించి వేరే చెప్పక్కర్లేదు. టీచర్‌కి చూడగానే తెలిసిపోతుంది. అయినా మార్కులు వేస్తున్నామంటే తప్పు మాదే.

అపోహ: ఆరేళ్ళ దాకా కత్తెర ముట్టుకోనివ్వకూడదు

మూడేళ్ళకి మొదలుపెట్టొచ్చు, పక్కన పెద్దవాళ్ళుంటే. అంతకుముందు కొన్నాళ్ళు పేపర్ చింపించండి. వేలెడు వెడల్పు పట్టీలిచ్చి, ఒక్క కోతకి ఒక ముక్క పడేలా కత్తిరించమనండి. గీత మీద కత్తిరించడం, గుండ్రంగా తిప్పడం చాలా తర్వాత. బొటనవేలు పైకి ఉందా లేదా, అదొక్కటీ చూసుకోండి. మొద్దు కత్తెర ఇంకా ప్రమాదం. తెగక బలం పెడతారు, జారుతుంది.

పుర్రచేతి వాటం ఉన్న పిల్లలకి కత్తెర తెగదు. దాంతో "వీడికి చేతకాదు" అంటారు. మామూలు కత్తెర రేకులు కుడిచేతికి తగ్గట్టు అమర్చి ఉంటాయి. ఎడమచేత్తో పట్టుకుంటే రేకులు దగ్గరకి రాకుండా విడిపోతాయి, కోసే గీత కూడా కనపడదు. ఎడమచేతి కత్తెరలు విడిగా దొరుకుతాయి, అది కొనండి. చెయ్యి మార్పించకండి.

అపోహ: కెమికల్స్ లేనిదైతే సేఫే

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇదే. ప్లాస్టిక్ వద్దని, గింజలతో చేయించామని గొప్పగా చెబుతారు. ఆ గింజల్లో గురివింద గింజలుంటాయి. ఎర్రగా, నల్ల చుక్కతో ముద్దుగా ఉంటాయి. మా మామ్మ మట్టి వినాయకుడికి కళ్ళు వాటితోనే పెట్టేది, కంసాలులు బంగారం తూచేవారు. లోపల మాత్రం గట్టి విషం. పైపెంకు గట్టిది కాబట్టి అలాగే మింగితే ఒక్కోసారి ఏమీ కాకపోవచ్చు, నమిలితే ఒక్క గింజ కూడా ప్రాణం మీదకి తేవచ్చు. దండ గుచ్చడానికి చిల్లు పెట్టారంటే ఆ పెంకు మీరే పగలగొట్టినట్టు. ఆముదం గింజలు, పచ్చ గన్నేరు కాయలు కూడా ఇదే జాబితా. జిల్లేడు పాలు కంట్లో పడితే ఆస్పత్రికి పరుగే.

ఇంకోటి సైజు. బొమ్మల భద్రత పరీక్షలో సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయేదేదీ మూడేళ్ళలోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లు. అంటే ఆ బిళ్ళ కన్నా కాస్త పెద్దవి కూడా గొంతుకి అడ్డుపడొచ్చు. శనగలు, చింతగింజలు, గుండీలు, పూసలు అన్నీ మూడు దాటాకే. పాటలు పాడే పాత గ్రీటింగ్ కార్డులు ఇచ్చే ముందు లోపలి బటన్ సెల్ తీసేయండి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు.

వీడియోల్లో చూసి ఇంట్లో స్లైమ్ చేస్తున్నారు. దాంట్లో కలిపే బోరాక్స్ అంటే మన వెలిగారమే. చిన్నపిల్లల చర్మానికీ పడదు, కడుపులోకీ పోకూడదు. దాని బదులు రెండు గ్లాసుల మైదా, గ్లాసు మెత్తని ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి, వేణ్ణీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. గట్టి మూతున్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు ఆడుకోవచ్చు. వానాకాలం మా వైపు ఉప్పు చెమ్మగిల్లి చేతికి అంటుకుంటుంది, కాస్త పొడి మైదా చల్లితే సరి. ఇదీ తినేది కాదు. అంత ఉప్పు కడుపులోకి పోతే ప్రమాదమే. ఇంకా ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు వాళ్ళకి చపాతీ పిండి ముద్దే మేలు.

అపోహ: మట్టి బొమ్మని ఎండలో పెడితే గట్టిపడుతుంది

గట్టిపడేలోపే పగులుతుంది. పైన ఎండిపోయి ముడుచుకుంటుంది, లోపల ఇంకా తడే. నీడలో పెట్టి, మొదటి రోజు పల్చటి తడిగుడ్డ కప్పండి. చెరువు మట్టిలో కాస్త నానబెట్టిన పేపర్ గుజ్జు కలిపితే పగుళ్ళు తగ్గుతాయి. చవితికి ముందు మా క్లాసులో అందరూ అడిగేది తొండం గురించే, ఊడిపోతోందని. రెండు వైపులా పుల్లతో గీతలు గీకి, మజ్జిగలా కలిపిన మట్టినీళ్ళు రాసి అతికించాలి. కళ్ళకి గింజలొద్దు, పుల్లతో రెండు గుంటలు చాలు.

అపోహ: ఇంట్లో చేసుకునే రంగులు వెలిసిపోతాయి

ఇది అపోహ కాదు, నిజమే, వెలుస్తాయి. బీట్‌రూట్ గులాబీ వారం తిరిగేసరికి మట్టిరంగు. అయినా ఎర్ర మందార రేక తెల్లకాగితం మీద రుద్ది చూడండి. ఊదా రంగు మరక పడుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే గులాబీ, వంట సోడా నీళ్ళు వేస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పసుపు రాసి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీళ్ళలో ముంచిన పుల్లతో గీస్తే ఎర్రగా రాస్తుంది. మన హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళ కిటుకే ఇది. కాకపోతే అక్కడ సున్నం, అది పిల్లల చేతికి ఇవ్వద్దు.

అపోహ: ఈ టైంలో నాలుగక్షరాలు రాస్తే బాగుపడతారు

అక్షరాభ్యాసం రోజు పలకకన్నా ముందు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దిస్తాం కదా. పెన్సిల్ పట్టాలంటే మూడు వేళ్ళకి బలం రావాలి. ఆ బలం పిండి నలపడంలో, పేపర్ చింపడంలో, దారానికి పూలు గుచ్చడంలో వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ళని ఒకే పునాది దశగా పెట్టి ఆటతోనే చదువన్నది. "మగపిల్లాడికి పూలు గుచ్చడం ఏంటండీ?" అని అడిగిన వాళ్ళకి మా వీధి చివర పూలకొట్టు నడిపే ఆయన్ని చూపిస్తాను.

ఇక చేసినవన్నీ దాచాలా అంటే, అక్కర్లేదు. మా దగ్గర ఒక్కో పిల్లకీ ఒక అట్టపెట్టె. నిండాక ఏది ఉంచాలో వాళ్ళే తేల్చుకుంటారు. మనకి నచ్చింది చాలాసార్లు చెత్తబుట్టలోకే పోతుంది.

ఆ ఫోన్ చేసిన తండ్రి గారి పాప మర్నాడు చపాతీ పిండి ముద్దని స్టీలు గిన్నెలో పెట్టుకుని వచ్చింది. రాత్రంతా ఎండి, ఒకవైపు పగిలి, వేలిముద్రలతో సహా గట్టిపడింది. చందమామ అంది. మూడో రోజుకి చీమలు పట్టాయి. మెట్ల మీద పెడితే పొడిపొడిగా మోసుకుపోతున్నాయి. క్లాసంతా గొంతుక్కూర్చుని మధ్యాహ్నం బెల్ కొట్టేదాకా చూసింది. ఆ పూట నేను తెచ్చిన రంగు కాగితాలు సంచీలోనే ఉండిపోయాయి.